పాత తెలుగు సైటును అక్షరం పోకుండా దాచుకునే పద్ధతి

ఇరవై ఏళ్ల కిందటి తెలుగు సైటు ఒకటి ఎక్కడో మిగిలి ఉందని తెలిసి సంబరంగా తెరిస్తే, తెలుగు ఉండవలసిన చోట ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలు పెట్టుకున్న యూరపు అక్షరాలు కలగాపులగంగా కనిపిస్తాయి. పేజీ చెడిపోయిందనుకుని చాలామంది అక్కడే మూసేస్తారు. ఆ పేజీకి తోడుగా ఉండవలసిన ఫాంటు మన కంప్యూటర్లో లేకపోవడమే అసలు కారణం. ఇంగ్లిషు సైటును దాచుకునే పద్ధతులు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కానీ, 1996 నుంచి 2006 దాకా తయారైన తెలుగు సైటుకు ఆ పద్ధతులతో సగం పనే అవుతుంది. మిగతా సగం అక్షరాల పని. ఈ వ్యాసంలో ఆ రెండో సగానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఈ పనిలోకి నేను వచ్చింది స్వార్థంతోనే. 2001లో హన్మకొండ చౌరస్తా దగ్గరి ఒక నెట్ సెంటర్లో గంటకు 30 రూపాయలు కడుతూ, నేనూ నా మిత్రుడూ వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప గురించి ఒక చిన్న సైటు కట్టాం. ఎంసెట్ ఫలితాల రోజున ఆ నెట్ సెంటర్ ముందు నిలబడడానికి చోటుండేది కాదు. మిగతా రోజుల్లో మూలనున్న కంప్యూటరు మాదే. పైన కదిలే అక్షరాల పట్టీ, కింద వచ్చినవాళ్ల లెక్క చూపే కౌంటరు, ఒక గెస్ట్‌బుక్, పక్కన పార పట్టుకున్న కూలీ బొమ్మతో ‘నిర్మాణంలో ఉంది’ అన్న బోర్డు, అన్నీ పెట్టాం. ఆ ఉచిత హోస్టింగు కొన్నేళ్లకు మూతపడింది. మా దగ్గరున్న ఒకే ఒక ఫ్లాపీ ఏ డ్రైవులోనూ చదవడానికి రాలేదు. పోయిందనుకున్న ఆ సైటులో 11 పేజీలు, 4 ఫొటోలు తర్వాత దొరికాయి. వాటిని తిరిగి నిలబెట్టేటప్పుడు మేము చేసిన తప్పులలో నుంచే కింది సూచనలు చాలావరకు వచ్చాయి.

వెతకడం

ముందుగా కావలసింది పాత చిరునామా, అదీ చుక్కతో సహా. గూగుల్లో సైటు పేరు కొట్టి వెతికితే మూతపడిన సైటు దొరకదు. పేజీల పాత నకలు చూపే క్యాషె లింకులను కూడా గూగుల్ 2024లో తీసేసింది. కాబట్టి చిరునామా కోసం కాగితాలు తిరగేయాలి. కాలేజీ వార్షిక సంచికల చివరి అట్ట, పూర్వ విద్యార్థుల సమ్మేళనం ఆహ్వానపత్రిక, పాత విజిటింగ్ కార్డు, అప్పటి ఈమెయిళ్ల అడుగున ఉండే సంతకం, ఇవన్నీ చూడండి. మా చిరునామా నా మిత్రుడి పాత డైరీలో, టెలిఫోను నంబర్ల మధ్యన దొరికింది.

మన ప్రాంతపు సైట్లను వెతికేవారికి ఇంకొక చిక్కు ఉంది. ఇక్కడ సంస్థల పేర్లు, జిల్లాల పేర్లు చాలాసార్లు మారాయి. వరంగల్ ఆర్‌ఈసీ 2002లో ఎన్‌ఐటీ అయింది. 2014 జూన్ 2కు ముందు ప్రభుత్వ సమాచారమంతా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చిరునామాల కిందనే ఉండేది. 2016 అక్టోబరులో వరంగల్ జిల్లా ముక్కలైంది, 2019లో ములుగు వేరు జిల్లా అయింది, 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండగా మారింది. ములుగు గురించిన 2003 నాటి పేజీ కావాలంటే వరంగల్ జిల్లా పాత సైటులోనే వెతకాలి. వరంగల్‌ను, హన్మకొండను ఇంగ్లిషులో రకరకాల స్పెల్లింగులతో రాసేవారు కాబట్టి అన్నింటినీ ప్రయత్నించండి.

చిరునామా దొరికాక, పాత వెబ్ పేజీల నకళ్లను దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌కు వెళ్లండి. బ్రూస్టర్ కాలే ఆ సంస్థను 1996లో స్థాపించారు; వేబ్యాక్ మెషిన్ 2001లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. సైటు చిరునామా చివర నక్షత్రం గుర్తు పెట్టి వెతికితే, ముఖపేజీ ఒక్కటే కాకుండా ఆ సైటు కింద భద్రమైన ఫైళ్ల జాబితా అంతా వస్తుంది. ముఖపేజీ దొరకలేదని వెనక్కి వచ్చేసినవాళ్లకు లోపలి పేజీలు ఈ జాబితాలోనే దొరుకుతాయి.

ప్రతి నకలు చిరునామాలోనూ 14 అంకెల సంఖ్య ఉంటుంది: సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను. ఆ సమయం గ్రీనిచ్ లెక్కది; మన సమయానికి ఐదున్నర గంటలు కలపాలి. ఇక్కడే ఒక జాగ్రత్త పాటించాలి. 2002 నాటి పేజీ తెరిచినప్పుడు అందులో కనిపించే ఫొటో కూడా 2002దే అనుకోకండి. ఆ తేదీకి ఫొటో లేకపోతే, దగ్గరి తేదీల్లో ఎక్కడ దొరికితే అక్కడి నుంచి తెచ్చి ఆ యంత్రం అతికిస్తుంది. ప్రతి బొమ్మ తేదీనీ విడిగా చూసి రాసుకోవాలి.

ఎవరైనా ఉచితంగా సైటు పెట్టుకోనిచ్చిన జియోసిటీస్ సైట్లకు ఆశ కొంచెం ఎక్కువే. 1994లో మొదలై, 1999లో యాహూ చేతికి వచ్చిన ఆ సేవ 2009 అక్టోబరు 26న మూతపడింది. మూత పడకముందే జేసన్ స్కాట్ మొదలైన ఆర్కైవ్ టీమ్ స్వచ్ఛంద కార్యకర్తలు వీలైనన్ని పేజీలను దించుకుని, 2010లో ఆ మూటంతా టోరెంటుగా అందరికీ ఇచ్చారు. అందులోని చిరునామాలు రెండు తరాలవి. మొదట్లో ఏథెన్స్, హాలీవుడ్ వంటి పేటల పేర్లు, వాటి వెంట ఇంటి నంబరు ఉండేవి; తర్వాత వాడుకరి పేరుతో చిరునామాలు వచ్చాయి. ఒకే సైటు రెండు చోట్లా ఉండవచ్చు కాబట్టి రెండూ చూడండి.

నకలు తీయడం

సైటు ఇంకా బతికే ఉంటే పని తేలిక. మొదట వేబ్యాక్ మెషిన్‌లోనే ‘సేవ్ పేజ్ నౌ’ నొక్కి అక్కడొక నకలు పెట్టించండి. ఆపైన మీ సొంత నకలు తీసుకోండి. ఒకటి రెండు పేజీలైతే సింగిల్‌ఫైల్ అనే బ్రౌజరు పొడిగింపు చాలు. సైటంతా కావాలంటే, మొత్తం సైటును దించే ప్రోగ్రాములైన హెచ్‌టీట్రాక్ గానీ డబ్ల్యూగెట్ గానీ వాడాలి. డబ్ల్యూగెట్‌లో మిర్రర్, పేజ్ రిక్విజిట్స్, వెయిట్ అనే ఆప్షన్లతో పాటు వార్క్ ఫైలు రాసే ఆప్షన్‌ను కూడా తప్పక పెట్టండి. వార్క్ అంటే వెబ్ భద్రత కోసమే ఏర్పడిన ఫైలు రూపం. 2009లో ఐఎస్‌ఓ 28500 ప్రమాణమైంది. పేజీతో పాటు సర్వరు పంపిన హెడర్లనూ (ఫైలు గురించిన వివరాలు), దించుకున్న సమయాన్నీ అది తనలో ఉంచుకుంటుంది. దాన్ని రీప్లే వెబ్ పేజ్ వంటి ఉచిత పరికరంతో ఎప్పుడైనా తెరిచి చూడవచ్చు. వెయిట్ ఆప్షన్‌తో ఒక్కో ఫైలుకు మధ్య రెండు సెకన్లు విరామమివ్వండి. ఎవరో పెద్దమనిషి సొంత డబ్బుతో నడుపుతున్న చిన్న సర్వరు మీద ఒక్కసారిగా పడడం మర్యాద కాదు. పీడీఎఫ్ ఒక్కటే తీసి ఊరుకోకండి, దానిలో పేజీ వెనుక ఉన్న కోడు మిగలదు. తెర ఫొటో మాత్రం అదనంగా తీసుకోండి, తర్వాత పోల్చి చూడడానికి పనికొస్తుంది.

సైటు చనిపోయి, నకలు వేబ్యాక్ మెషిన్‌లోనే ఉన్నప్పుడు మామూలుగా ‘సేవ్’ కొట్టడం మేము చేసిన మొదటి తప్పు. ఆ యంత్రం పేజీ పైన తన పట్టీ చేర్చి, లింకులన్నింటినీ తన చిరునామాలుగా మార్చి చూపిస్తుంది. మీరు దాచుకునేది ఆ మార్చిన పేజీనే. అసలు పేజీ కావాలంటే 14 అంకెల సంఖ్య చివర, ఖాళీ వదలకుండా, ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ఐ, డి, ఒక అండర్‌స్కోర్ చేర్చి తెరవండి. అప్పుడు ఏ మార్పూ లేని పాత ఫైలు వస్తుంది. తెలుగు పేజీలకు ఇది మరీ ముఖ్యం. ఎందుకో కింద చెబుతాను.

అక్షరాల పని

అన్ని లిపుల అక్షరాలకూ విడివిడిగా సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే 128 స్థానాలు కేటాయించారు. కానీ ఇళ్లలోని కంప్యూటర్లకు ఆ తెలుగును చూపే శక్తి 2001లో విండోస్ ఎక్స్‌పీ, దానితో పాటు గౌతమి ఫాంటు వచ్చేదాకా రాలేదు. మన పోతన పేరుతో తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసిన పోతన2000 యూనికోడ్ ఫాంటు కూడా ఆ రోజులదే. అంతకుముందు, ఆ తర్వాత మరికొన్నేళ్లు, ఎవరి ఫాంటు వారిదే. కొందరు తెలుగును ఇంగ్లిషు లిపిలో ఆర్‌టీఎస్ పద్ధతిలో రాసేవారు. అలాంటి పేజీలను తెలుగులోకి మార్చడం సులువు. కష్టమంతా సొంత ఫాంట్లతోనే.

ఆ ఫాంట్లలో జరిగింది ఇది. ఇంగ్లిషు అక్షరాలుండే స్థానాల్లో తెలుగు అచ్చు ముక్కలను కూర్చోబెట్టారు. ఒక స్థానంలో తలకట్టు, ఇంకొక స్థానంలో తలకట్టు లేని వ, మరొకచోట గుడి కలిసిన ‘కి’, వేరొకచోట ఒక వత్తు. కంప్యూటరుకు తెలిసింది ఇంగ్లిషు అక్షరమే. ఫాంటు వేసుకున్న కంటికి మాత్రం తెలుగు కనిపించేది. సీసపు అచ్చులు పేర్చిన కంపోజిటర్ పని ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఫాంటు పోతే, ముక్కల పేర్లు మిగిలి ముక్కలు పోయినట్టు.

కాబట్టి నకలు తీసేటప్పుడే ఫాంటును కూడా పట్టుకోవాలి. పేజీ కోడులో ఫాంట్ ట్యాగు పక్కన ఫేస్ అన్న చోట దాని పేరు ఉంటుంది. చూసేవారి కంప్యూటర్లో ఫాంటు లేకపోయినా పేజీతో పాటే దిగేలా కొందరు డైనమిక్ ఫాంట్లు పెట్టేవారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఈఓటీ ఫైలు, నెట్‌స్కేప్‌కు పీఎఫ్ఆర్ ఫైలు. వాటి చిరునామా కోడు పైభాగంలోనే ఉంటుంది, వేబ్యాక్ జాబితాలో అవి కూడా అప్పుడప్పుడు దొరుకుతాయి. చాలా సైట్లలో ‘ఫాంటు ఇక్కడ దించుకోండి’ అన్న లింకు కూడా ఉండేది; దాని వెనుక ఉన్న ఫైలు దొరికితే సగం గెలిచినట్టే.

ఇప్పుడు ఆ ఐ-డి విషయం, అంటే మార్పు లేని ఫైలే ఎందుకు కావాలన్నది. ఇలాంటి పేజీలను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ఒక్క అక్షరం కూడా మార్చకుండా యూటీఎఫ్-8గా సేవ్ చేసినా కొన్ని ముక్కలు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. ఫలానా అంకె అంటే ఫలానా గుర్తు అని ఎడిటరు తనకు తోచినట్టు ఊహించుకుంటుంది. ఊహ తప్పిన చోట వేరే గుర్తు పెడుతుంది, లేదా ప్రశ్నార్థకం పెడుతుంది. మేము మూడు పేజీల్ని అలాగే పాడుచేసి, మళ్లీ దించుకున్నాం. మూల ఫైలును చదవడానికి మాత్రమే వీలున్నట్టుగా పెట్టేసి, ఏ పని చేసినా నకలు మీదనే చేయండి.

మార్చడానికి మొదట ఉన్న పరికరాలు చూడండి. పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు ఒకప్పుడు పత్రికల ఫాంట్లు చాలావాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపేది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాత తరహా పొడిగింపులను ఆపేసింది కానీ, పద్మలోని మార్పిడి పట్టికలు చూసి నేర్చుకోవచ్చు. మీ ఫాంటుకు పట్టిక దొరకకపోతే మీరే తయారుచేసుకోవాలి. ఫాంటును ఫాంట్‌ఫోర్జ్ అనే ప్రోగ్రాములో తెరిస్తే ఏ స్థానంలో ఏ ముక్క ఉందో గళ్లలో కనిపిస్తుంది. ఒక నిలువు వరుసలో స్థానం సంఖ్య, పక్క వరుసలో ముక్క, మూడో వరుసలో యూనికోడ్ రూపం రాస్తూ పోవాలి. రెండు మూడు సాయంత్రాల పని.

అసలు మెలిక పట్టికలో లేదు, ఏది ముందు మార్చాలన్న వరుసలో ఉంది. మన లిపిలో మ అంటే వ పక్కన ఒక కొమ్ము. చాలా పాత ఫాంట్లు స్థానాలు కలిసివస్తాయని మ కోసం విడిగా ముక్క పెట్టలేదు. వ వేసి, పక్కన కొమ్ము వేశాయి. మీ ప్రోగ్రాము ముందుగా వ ముక్కను మార్చేస్తే, కొమ్ము ఎటూ కాకుండా మిగిలిపోతుంది. ‘మనం’ కాస్తా ‘వనం’ అవుతుంది, ‘మంచి’ కాస్తా ‘వంచి’ అవుతుంది. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి తప్పు పట్టే ప్రోగ్రాము కూడా పట్టుకోదు. అందుకని ఎక్కువ ముక్కల కూర్పును ఎప్పుడూ ముందు మార్చాలి. ఒంటి ముక్కలు చివరికి రావాలి. ఐత్వం కూడా ఇలాగే పైన ఒకటి, కింద ఒకటిగా రెండు ముక్కలై ఉంటుంది, దాన్ని ఒకటి చేయాలి.

రవత్తుతో వేరే తంటా. కొన్ని ఫాంట్లలో క్రావడిని అక్షరానికి ఎడమవైపు గీసేవారు కాబట్టి, ఫైలులో ‘త్ర’ అన్నచోట ముందు క్రావడి, తర్వాత త ఉంటాయి. యూనికోడ్‌లో త, పొల్లు, ర అన్న వరుస కావాలి. ముక్కల చోటు మార్చే సూత్రం ఒకటి విడిగా రాయకపోతే వత్తు ముందున్న అక్షరానికి అంటుకుపోతుంది. ఇంకొకటి: పాత పేజీలో ‘నెట్‌వర్క్’ అని పొల్లు కనిపించేలా రాసి ఉంటే, మార్చిన తర్వాత ట కింద వవత్తు పడకుండా పొల్లు తర్వాత కంటికి కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే అక్షరాన్ని చేర్చాలి.

మార్చిన పాఠాన్ని ఒకరు పైకి చదువుతుంటే, ఇంకొకరు ఫాంటుతో కనిపిస్తున్న పాత పేజీని చూస్తూ సరిచూసుకోవాలి. ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. చిక్కువడితే పెళ్లిపత్రికలు కంపోజ్ చేసే డీటీపీ ఆపరేటర్‌ను అడగండి. అను ఫాంట్లతో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు ఏ ముక్క పక్కన ఏ ముక్క పడుతుందో వేళ్లకే తెలుసు. మేము వారం తలలు పట్టుకున్న ఒక ముక్కను, మాకు తెలిసిన ఒక ఆపరేటర్ చాయ్ తాగుతూ చూసి, అది ఘ తోక అని చెప్పేశాడు.

రెండు ప్రతులు

మూలప్రతి ఒకటి, మరమ్మతు చేసిన ప్రతి ఒకటి, రెండూ వేర్వేరు ఫోల్డర్లలో ఉండాలి. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు బమ్మెర పోతన భాగవతం గుర్తొస్తుంది. అందులో శిథిలమైన భాగాలను ఇతరులు పూరించారని మనవాళ్లు చెప్పుకుంటారు. పంచమ స్కంధం గంగన రాశాడు, షష్ఠం సింగన, చివరి రెండూ నారయ. ఎవరి భాగం చివర వారి పేరు గద్యలో ఉంది కాబట్టే, ఎక్కడిదాకా పోతన రాశాడో ఈనాటికీ తెలుస్తోంది. మరమ్మతు ప్రతిలో మీరు చేర్చిన ప్రతిదాన్నీ అలాగే చెప్పండి: ఈ ఫొటో వేరే తేదీ నకలు నుంచి తెచ్చాను, ఈ పేరా ఫాంటు మార్చాను, ఈ అక్షరం ఊహించాను. ఒక చిన్న టెక్స్ట్ ఫైలు చాలు.

అప్పటి అక్షరదోషాలను దిద్దకండి. కదిలే పట్టీ కంటికి ఇబ్బందిగా ఉన్నా తీయకండి. కౌంటరు వేరే సర్వరు నుంచి వచ్చేది కాబట్టి మళ్లీ పనిచేయదు. చివరగా చూపిన సంఖ్య ఏ నకలులోనైనా ఉంటే రాసిపెట్టుకోండి. ఫొటోలను కృత్రిమ మేధతో పెద్దవి చేయడం నాకు అసలు నచ్చదు. 56 కేబీ మోడెంతో సెకనుకు 7 కిలోబైట్లు రావడమే గగనమైన రోజుల్లో బొమ్మల్ని చిన్నవిగా పెట్టడం అవసరం. వాటిని ఇప్పుడు సాగదీస్తే రామప్ప మదనికల ముఖాలకు శిల్పి చెక్కని కనుబొమ్మలు మొలుస్తాయి. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి, తిరిగి కట్టి, 2024 మార్చిలో తెరిచారు. విప్పకముందు తీసిన మసక ఫొటో అయినా సరే, ఉన్నది ఉన్నట్టుగా ఉంటేనే దానికి విలువ.

ఫ్లాష్‌తో చేసిన కదిలే బొమ్మలుంటే రఫుల్ అనే ఉచిత పరికరంతో చాలావరకు ఆడించవచ్చు. అడోబీ ఫ్లాష్‌ను 2020 డిసెంబరు 31తో ఆపేసింది. లింకులు తెగిపోతే పెద్ద చిన్న అక్షరాల తేడా చూడండి: విండోస్‌లో కట్టిన సైటులో ఫైలు పేరు పెద్ద అక్షరాల్లో, లింకు చిన్న అక్షరాల్లో ఉన్నా అప్పట్లో నడిచేది, లైనక్స్ సర్వరు మీద నడవదు.

గెస్ట్‌బుక్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. అప్పట్లో జనం అమాయకంగా ఇంటి చిరునామాలు, టెలిఫోను నంబర్లు రాసేసేవారు. అందరికీ పెట్టే ప్రతిలో వాటిని మూసివేయండి. సైటు మీది కాకపోతే కట్టినవారిని అడగండి. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత కూడా 60 ఏళ్లు హక్కులుంటాయి కాబట్టి, పాతదైనంత మాత్రాన అందరిదీ అయిపోదు. అనుమతి దొరకనప్పుడు మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి, బయట పెట్టకండి.

దాచే చోటు

మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. మా మూడోది కరీంనగర్‌లో మిత్రుడి బావమరిది బీరువాలో ఉంది. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగి కొన్ని రోజుల పాటు వేబ్యాక్ మెషిన్ అందలేదు. ఎంత పెద్ద చోటైనా ఒక్కటే చాలదు. పాత సీడీలు ఉంటే ఈ వారమే హార్డ్ డిస్కులోకి దించండి. ఫ్లాపీలకు యూఎస్‌బీ డ్రైవులు దొరుకుతాయి. ఫైలు ఫైలుగా తెరవకుండా ముందు డిస్కు మొత్తానికి ఇమేజ్ (ఉన్నది ఉన్నట్టు ఒకే ఫైలుగా నకలు) తీయండి, ఎందుకంటే రెండోసారి చదవడానికి అది ఒప్పుకోకపోవచ్చు. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్య (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే గుర్తు) తీసి జాబితా రాసి, ఏడాదికోసారి మళ్లీ లెక్కించి పోల్చండి. సంఖ్య మారిన ఫైలు చెడినట్టే, వేరే నకలు నుంచి తెచ్చుకోవాలి. మేము ఈ పనిని ప్రతి బతుకమ్మ సెలవుల్లో పెట్టుకుంటాం.

మా సైటు మరమ్మతు ప్రతి ఇప్పుడు తెలుగులో తెలుగుగానే చదువుకోవచ్చు. ఫాంటు పట్టికలో మూడు స్థానాలు ఇంకా ఖాళీగా ఉన్నాయి. ఆ ముక్కలు వచ్చిన ఐదు మాటల దగ్గర చదరపు బ్రాకెట్ల మధ్య స్థానం సంఖ్య రాసి వదిలేశాం. అందులో ఒకటి నా మిత్రుడి ఇంటిపేరే. తనకు తెలిసిన పేరే కదా, నింపేయవచ్చు కదా అంటే, పేజీలో ఏం రాశామో తెలియదు కదా అంటాడు.